పక్క మార్చిన వేళలు

జూన్ 3, సోమవారం

ఇవాళ మూడిళ్ళు చూశాను. మూడింట్లోనూ అంతా బాగుందన్నారు. ఎవరైనా అంతా బాగుందంటే నాకు వెంటనే అనుమానం పుడుతుంది. పదకొండేళ్ళుగా ఇళ్ళ వెంట తిరిగి, మంచాన పడ్డవాళ్ళని చూసుకునే కేర్‌టేకర్లకి మార్కులు వేస్తున్నాను. ఇంతకాలానికి తేల్చుకున్నది ఒక్కటే. రోగిని పక్క మార్చిన వేళలు రాసే షీటు మరీ శుభ్రంగా ఉంటే నమ్మకూడదు. నిజంగా పని చేసేవాళ్ళ షీటు మీద నీళ్ళ మరకలుంటాయి, కొట్టివేతలుంటాయి, మర్చిపోయి తర్వాత ఇరికించిన అంకెలుంటాయి.

మా ఇంట్లో షీటు మీద ఒక్క మరక లేదు. అదే నా బాధ. మంచాన ఉన్న మా అన్నయ్యని చూసుకోవడానికి ఈ మహాతల్లి వచ్చి ఏడు నెలలైంది. ఉదయం ఎనిమిదికి వస్తుంది, సాయంత్రం ఎనిమిదికి వెళ్తుంది. రెండు గంటలకోసారి అన్నయ్యని ఏ పక్కకి తిప్పిందో గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెడుతుంది. ఇన్నాళ్ళలో ఒక్క కొట్టివేత లేదు. మనిషన్నాక చెయ్యి తడబడదా? రాత్రిళ్ళు తిప్పడం నా వంతు.

రాత్రి మూడు సార్లూ లేచాను.

జూన్ 5, బుధవారం

నిన్న రాత్రి ఆవిడ వెళ్ళాక పోయిన వారం షీట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. కుడి, వెల్లకిల, కుడి, వెల్లకిల. ఎడమ ఎక్కడ? పగటి గడుల్లో ఒక్కచోట కూడా లేదు. మెడ విరిగిన మనిషిని మూడు వైపులా తిప్పాలని మొదటిరోజు నుంచీ చెబుతున్నాను. చంటిపిల్లకి కూడా అర్థమవుతుంది.

కుడివైపు కిటికీ ఉంది. కిటికీ పక్కనే ఆవిడ కుర్చీ ఉంది. ఎడమకి తిప్పితే ఆయన మొహం గోడకి వస్తుంది, ఏం కావాలన్నా ఆవిడ లేచి ఇటు రావాలి. కుడికి పెడితే కూర్చున్నచోటు నుంచే అన్నీ అయిపోతాయి. ఆ లెక్క నాకు తెలియనిదా?

ఇవాళ ఉదయం ఆవిడ రాగానే అడిగితే, ఆయనకి అలాగే హాయిగా ఉంటుంది మేడమ్ అని, తువ్వాళ్ళు మడత పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది. అన్నయ్యని అడిగితే గోడ చూడ్డం కంటే కిటికీ నయం కదా అన్నాడు. ఇద్దరూ ముందే అనుకున్నట్టుగా ఉంది.

జూన్ 6, గురువారం

రాత్రి మూడు సార్లూ లేచాను.

జూన్ 7, శుక్రవారం

చెప్పాపెట్టకుండా పదకొండింటికి ఇంటికొచ్చాను. పిల్లిలా మెట్లెక్కాను. లోపల నవ్వులు. అన్నయ్య ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో! లిఫ్టు బాగు చేస్తూ గుంతలో పడక ముందు, నూనె మరకల చొక్కాతో ఇంటికొచ్చి, ఆ రోజు ఏ అంతస్తులో ఎవరు ఇరుక్కుపోయారో కథలు కథలుగా చెప్పి నవ్వేవాడు. నాలుగేళ్ళయింది. మళ్ళీ ఇవాళే విన్నాను, అదీ తలుపు బయట నుంచి.

పేకాడుతున్నారు. అన్నయ్య వేళ్ళు పట్టవు కదా, బట్టల క్లిప్పులకి ముక్కలు గుచ్చి ఆయన ముందు వరసగా నిలబెట్టింది. ఆయన గడ్డంతో ఏది చూపిస్తే అది వేస్తోంది. నన్ను చూడగానే ఇద్దరూ చటుక్కున ఆపేశారు. ఆవిడ లేచి నిలబడింది.

షీటు చూశాను. పదింటి వరకు రాసి ఉంది. కుడి. మనిషి కుడి పక్కనే ఉన్నాడు. దుప్పటి ముడతల్లేకుండా ఉంది. మోకాళ్ళ మధ్య దిండు సరిగ్గానే ఉంది. మూత్రం సంచీ నిండలేదు. ఎంత గాలించినా తప్పు దొరకలేదు. తప్పు దొరకనందుకు ఇంత ఒళ్ళు మండటమేమిటో నాకే వింతగా ఉంది.

వెళ్తూ వెళ్తూ కింద దర్జీని అడిగాను, ఆవిడ పగలు బయటికి పోతుందా అని. ఒక్కసారి కూడా దిగదు, తిండి కూడా పైనే అన్నాడు. ఆవిడ మీద కేసేమైనా ఉందా అని నన్నే అడిగాడు. నోరు ఊరుకోదు ఈ దర్జీలకి.

జూన్ 9, ఆదివారం

ఆవిడకి సెలవు. అన్నయ్యకి ఒళ్ళు తుడుద్దామని చూస్తే పుండ్లు పడకుండా రాసే క్రీము ట్యూబు దాదాపు ఖాళీగా ఉంది. కొత్తది తెచ్చి నాలుగు రోజులే అయింది. రెండు వారాలు రావాల్సిన ట్యూబు! ఇంటికి పట్టుకుపోతోందన్నమాట. ఇలాంటివి ఎన్ని చూడలేదు. సబ్బు, తువ్వాలు, చేతి తొడుగులు, ఒకచోటయితే మంచం కింద వేసే ప్లాస్టిక్ షీటు. రేపు కొత్త ట్యూబు మీద పెన్నుతో గీత పెడతాను.

ఆఫీసు నివేదికలు మూడు మిగిలాయి. వీపూ చేతులూ తుడిచి తొందరగా ముగించాను.

జూన్ 12, బుధవారం

ట్యూబులో క్రీము అప్పుడే గీత కిందికి దిగిపోయింది. అన్నయ్య దగ్గర ఆ మాటెత్తితే, నువ్వు ఇంట్లో కూడా ఇన్‌స్పెక్టరువేనా బుజ్జీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రాత్రి లేచాను.

జూన్ 16, ఆదివారం

ఎలాగైనా రాయాలి.

ఇవాళ తీరిగ్గా ఒళ్ళంతా తుడిచాను. ఎడమ తుంటి ఎముక మీద బిళ్ళంత ఎరుపు. బొటనవేలితో నొక్కాను. ఒట్టి ఎరుపయితే నొక్కినప్పుడు తెల్లబడి, తీశాక మళ్ళీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. మూడు సార్లు నొక్కాను. పడక పుండు మొదలయింది. నా ఇంట్లో! ఊరందరికీ మార్కులు వేసే దాని ఇంట్లో!

అన్నయ్యకి తెలియనే తెలియదు. నడుం కింద కోసినా తెలియదు ఆయనకి. ఏమైంది బుజ్జీ, అలా అయిపోయావు అన్నాడు. చెప్పాను. దీన్ని పెద్దది చెయ్యకు, ఆవిడ రాగానే క్రీము రాస్తుందిలే అన్నాడు. ఆవిడ! ఆవిడ వల్ల వచ్చిన పుండుకి ఆవిడే క్రీము రాస్తుందట.

పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశాను.

జూన్ 17, సోమవారం

ఆఫీసుకి వెళ్ళలేదు. ఆవిడ రాగానే తుంటి చూపించాను. మొహంలో ఆశ్చర్యం లేదు.

"రెండు వారాల కిందటే చూశాను మేడమ్. అప్పటి నుంచి క్రీము ఎక్కువ రాస్తున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య కిటికీ వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ నోరు కట్టేసుకున్నారు. పుండు రావడం ఒక తప్పు, దాచిపెట్టడం అంతకు రెండింతల తప్పు. మా ఫారంలో దాచిపెట్టినందుకు సున్నాయే, వేరే మార్కు లేదు.

ఫొటోతో సహా మా ఆఫీసుకీ, ఆవిడని పంపిన ఏజెన్సీకీ ఫిర్యాదు పంపించాను. మధ్యాహ్నానికల్లా ఏజెన్సీ మేనేజరు ఫోన్ చేసి, విచారణ అయ్యేదాకా ఆమెని పక్కన పెడుతున్నామన్నాడు. ఆమె అన్నయ్య గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళొస్తానండీ అని ఆయనకి చెప్పి వెళ్ళింది. నాకు చెప్పలేదు. ఏ మొహంతో చెబుతుంది?

అన్నయ్య రాత్రి భోజనం వద్దన్నాడు.

జూన్ 18, మంగళవారం

కొత్త మనిషి వచ్చింది. నా వయసుంటుంది. మాట తక్కువ. కుడి, వెల్లకిల, ఎడమ. మళ్ళీ కుడి, వెల్లకిల, ఎడమ. షీటంటే ఇలా ఉండాలి. నవ్వులూ పేకాటలూ లేవు. బతికాను.

రాత్రి మూడు సార్లూ లేచాను.

జూన్ 19, బుధవారం

రాత్రి మూడు సార్లూ లేచాను. అన్నయ్య సగం కంచమే తిన్నాడు.

జూన్ 21, శుక్రవారం

తుంటి మీద తోలు లేచిపోయింది. నాలుగు రోజుల్లో! ఈ కొత్తావిడ కూడా దొంగే. షీటులో ఎడమ, కుడి అని రాసి కుర్చీలో కునుకు తీస్తోందన్నమాట.

కట్టు కట్టడానికి నర్సు వచ్చింది. ముక్కుసూటి మనిషి. ఇది గంటా రెండు గంటల ఒత్తిడికి వచ్చేది కాదమ్మా, రోజూ ఏడెనిమిది గంటలు కదలకుండా అదే పక్క మీద ఉంటే వచ్చేది అంది. పగలు ఏడెనిమిది గంటలు తిప్పకుండా వదిలేశారంటే ఎంత గుండె ధైర్యం వీళ్ళకి! ఏజెన్సీ ఏజెన్సీయే ఇలా ఉంది. కొత్తావిడ మీద కూడా రాస్తానని అన్నయ్యతో చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, ఎంతమంది మీద రాస్తావు బుజ్జీ అన్నాడు.

జూన్ 24, సోమవారం

విచారణకి మా ఆఫీసు నుంచే పెన్సిల్ వచ్చాడు. ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాస్తాడు కాబట్టి ఆఫీసంతా ఆ పేరే. నాకంటే చిన్నవాడు, పని నేర్పింది నేనే. అందుకే ఊపిరి పీల్చుకున్నాను.

రోగితో మాట్లాడేటప్పుడు చూసుకునే మనిషి గదిలో ఉండకూడదు. బయట మెట్ల మీద కూర్చోబెట్టి తలుపేస్తాం. కొత్తావిడని పంపించాడు. నేనూ లేవబోయాను. "మీరు మా మనిషే కదా, ఉండండి మేడమ్" అన్నాడు. ఉన్నాను.

పగటి షీట్లు చూశాడు. ఎడమ లేదని నేను చూపించాను. రాసుకున్నాడు. రాత్రి ఎవరు తిప్పుతారని అడిగాడు. నేనే అన్నాను. పన్నెండు, రెండు, నాలుగు. గడులు చూపించాను, నా సంతకాలు. మళ్ళీ అన్నయ్యనే అడిగాడు, ఆయన నోటి మాట రాసుకోవాలి కదా.

"మా చెల్లెలు లేస్తుంది. మూడు సార్లూ లేస్తుంది" అన్నాడు అన్నయ్య.

"మరి ఆవిడ పగలు సరిగ్గా చూసుకునేదా?"

"బంగారంలా చూసుకునేది. ఆవిడ తప్పేం లేదు."

"పగలూ తిప్పి, రాత్రీ తిప్పితే మరి పుండు ఎలా వచ్చిందండీ?"

అన్నయ్య నా వైపు చూశాడు. ఏమో బాబూ, నా ఒళ్ళు నాకు తెలిస్తేగా అన్నాడు చివరికి. పెన్సిల్ రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు, పాపం ఆమెని వెనకేసుకొస్తున్నారు, అలవాటైన మనిషి కదా అన్నాడు నాతో. ఔనన్నాను.

జూన్ 25, మంగళవారం

ఇవాళ రాయడానికేం లేదు.

జూన్ 26, బుధవారం

పెన్సిల్ తన నివేదిక నకలు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మీరే గెలిచారు మేడమ్ అన్నట్టు నవ్వాడు. పగటి నిర్లక్ష్యం, దాచిపెట్టడం. పేరు నిషేధ జాబితాలోకి. ఇక ఏ ఏజెన్సీ ఆమెని పనిలో పెట్టుకోదు. మంచాన పడ్డవాళ్ళని చూసుకోవడం తప్ప ఆమెకి వేరే పని రాదు. సోమవారం పై అధికారి సంతకం పెడతాడు.

అంతా చదివి పక్కన పెడదామనుకుంటే ఏడో ప్రశ్న దగ్గర కళ్ళు ఆగిపోయాయి. ‘జవాబు చెప్పే ముందు రోగి ఎవరి వైపు చూశారు?’ ఆ ప్రశ్న ఫారంలో పెట్టించింది నేనే, ఆరేళ్ళ కిందట, అధికారులతో పోట్లాడి మరీ. ఎవరి వైపు చూస్తే వాళ్ళంటే భయమన్నమాట అని వాదించాను. పెన్సిల్ నిజాయితీపరుడు. ‘చెల్లెలి వైపు, నాలుగు సార్లు’ అని రాశాడు. పక్కన కారణం గడిలో ‘ఆప్యాయత’ అని రాశాడు.

ఆ గడిలో నేను ఇంతవరకు ఎవరికీ ఆప్యాయత అని రాయలేదు.

జూన్ 27, గురువారం

రాత్రి లేవలేదు.

నిన్నా లేవలేదు, మొన్నా లేవలేదు. మొదటి ఏడాది మూడు సార్లూ లేచేదాన్ని, ఆ మాట నిజం. తర్వాత రెండు సార్లు. తర్వాత ఒక్కసారి. పోయిన చలికాలం నుంచి అలారం ఎప్పుడు మోగుతోందో, చెయ్యి ఎప్పుడు దాన్ని నొక్కుతోందో కూడా తెలియడం లేదు. ఆరింటికి లేవగానే మూడు గడులూ ఒకే పెన్నుతో నింపేస్తున్నాను. ఎడమ, కుడి, ఎడమ. మూడు సంతకాలు. ఈ పని చేసిన వాళ్ళని నేను పదుల్లో పట్టుకున్నాను. గడులు నింపేటప్పుడు నిజంగా లేచినట్టే అనిపించేది. ఈ డైరీలో కూడా అలాగే రాసుకున్నాను. ఎవరు చూస్తారని ఇక్కడ అబద్ధం రాశాను?

పదింటికి నేను నివేదికలు రాసుకోవడానికి కూర్చునే ముందు, నా బల్ల దీపం కళ్ళల్లో పడకుండా ఆయన్ని గోడ వైపు తిప్పుతాను. ఎడమకి. పొద్దున ఆరు దాటేదాకా ఎడమకే. నర్సు చెప్పిన ఏడెనిమిది గంటలు అవే.

పగలంతా కుడి, వెల్లకిల. రాత్రంతా నలిగిన పక్కకి పగలయినా ఊపిరాడనివ్వాలని ఎడమకి తిప్పలేదు ఆమె. ట్యూబులకి ట్యూబులు అక్కడే రాసింది. ఆమె ఆపింది కాబట్టి రెండు వారాలు ఎరుపుగానే ఉంది. ఆమె వెళ్ళిన నాలుగో రోజుకి తోలు ఊడింది.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చచ్చిపోతే అన్నయ్యని ఎవరు చూస్తారు అనుకున్నాను. ఆ తర్వాత, ఇప్పుడు మాత్రం ఎవరు చూస్తున్నారు అనుకున్నాను.

జూన్ 28, శుక్రవారం

పొద్దున్నే అన్నయ్యకి చెప్పాను. నాకు తెలుసు అన్నాడు.

"తెలిసి ఎందుకు అబద్ధం చెప్పావు అన్నయ్యా?"

"అలారం మోగేది. ఆగేది. నీ గురక వినిపించేది. పగలంతా తిరిగొచ్చిన దానివి, పోనీలే అనుకునేవాణ్ణి. పిలుద్దామనీ అనిపించేది. నిద్రలో లేపితే నువ్వు విసుక్కుంటావు. ఒకసారి అన్నావు, నిన్ను ఏదైనా రోగుల హోములో పెట్టి హాయిగా పడుకుంటానని. అప్పటి నుంచి పిలవలేదు."

నేను అన్నానా? అనే ఉంటాను. నాకు గుర్తు లేదు. ఆయనకి గుర్తుంది.

ఆఫీసుకి వెళ్ళి, పై అధికారికి ఒక పేజీ రాసిచ్చాను. సంతకాలు నావే, వేళలు అబద్ధం, ఫిర్యాదు తప్పు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇవాళ్టి నుంచి మీరు ఇళ్ళకి వెళ్ళొద్దు, బల్ల దగ్గర పని చూసుకోండి అన్నాడు. విచారణ మళ్ళీ మొదటి నుంచి చేయిస్తానన్నాడు.

రాత్రికి ఏజెన్సీ వేరే మనిషిని పంపింది. నేను పక్క గదిలో పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

జూలై 1, సోమవారం

నేను మానిపించిన ఆమె ఇంటికి వెళ్ళాను. సైకిళ్ళ రిపేరు షాపు వెనక, రెండో అంతస్తు, ఒకటే గది. కూర్చోమనలేదు. అధికారికి రాసిచ్చిన పేజీకి నా దగ్గరున్న ప్రతిని చేతిలో పెట్టాను. గుమ్మంలో నిలబడే రెండు సార్లు చదివింది.

"రోజూ నేనొచ్చేసరికి ఆయన ఎడమ చెవి కందిపోయి ఉండేది మేడమ్. చెంప మీద దిండు ముడతలు. చూస్తే తెలిసిపోదా? మీకు చెబుతానంటే ఆయన వద్దని ఒట్టు వేయించుకున్నారు. చెప్పినా మీరు నన్నే మానిపించేవాళ్ళు. నేను పోతే పగలు కూడా ఆయనకి దిక్కుండదు."

క్షమించమన్నాను. ఈ కాగితం నకలు నాకు కావాలి, మళ్ళీ ఎవరైనా అడిగితే చూపించుకుంటాను అంది. తర్వాత, పుండు ఎంత లోతుంది అని అడిగింది. చెప్పాను. గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది. అప్పటిదాకా నేను ఏడవలేదు.

షాపులో నకలు తీయించి మళ్ళీ మెట్లెక్కి ఇచ్చి వచ్చాను.

జూలై 3, బుధవారం

పెన్సిల్ మళ్ళీ వచ్చాడు. ఏజెన్సీ ఆమెని కూడా రమ్మంది. ఆమె ముందు అన్నయ్య కట్టు చూసింది, తర్వాత షీటు చూసింది. ఇవాళ షీటు మీద టీ మరక ఉంది, రాత్రి మనిషి చేతి చలవ. అన్నయ్య ఆమెని చూసి గడ్డం ఎగరేశాడు.

పెన్సిల్ ఆమెని బయట కూర్చోమన్నాడు. నా వైపు చూసి నీళ్ళు నమిలాడు. నేనే లేచాను. తలుపు నేనే వేశాను.

మెట్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఇన్నేళ్ళలో ఇలాంటి మెట్ల మీద ఎంతమందిని కూర్చోబెట్టానో. ఒక్కదాని మీద కూడా నేను కూర్చోలేదు. సిమెంటు చల్లగా ఉంది. లోపల అన్నయ్య గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఒకసారి పెద్దగా అన్నాడు ఏదో. ఒకసారి ఆగిపోయాడు. ఏం చెబుతున్నాడు? విసుక్కోవడం చెప్పాడా? హోము సంగతి చెప్పాడా? నాకు తెలియనివి, నేను మర్చిపోయినవి ఇంకా ఎన్ని ఉన్నాయి ఆయన దగ్గర? తలుపుకి చెవి ఆనించాలనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె నా వైపు చూడకుండానే అంది.

"లోపల ఏం చెబుతున్నారో అని ఉంది కదా మేడమ్. మాకు ప్రతిసారీ ఇలాగే ఉండేది."

నలభై నిమిషాలు మాట్లాడాడు అన్నయ్య. నాతో అంతసేపు మాట్లాడి నాలుగేళ్ళయింది. పెన్సిల్ బయటికొచ్చి, కాగితాలు సంచీలో పెట్టుకుని, నాతో ఏమీ చెప్పకుండా మెట్లు దిగాడు. చెప్పకూడదు. నేర్పింది నేనే.

ఆమె లోపలికి వెళ్ళింది. నేను వెంటనే లేవలేకపోయాను. ఇంతలో అన్నయ్య పిలిచాడు. ఆమెని కాదు, నన్నే. దాహం వేస్తోంది బుజ్జీ అన్నాడు. వెళ్ళి గ్లాసు పట్టుకుని తాగించాను. ఆయన తాగుతున్నంతసేపూ నా వైపే చూశాడు. ఆ చూపు ఏమిటో నేను ఏ గడిలోనూ రాయలేదు. అడగలేదు కూడా.